అచ్చులో పోసిన గ్రీసు

2023 జూలై 12న తెల్లవారుతుండగా ఇటలీలోని నేపుల్స్ నగరం నడిబొడ్డున ఒక కళాఖండం తగలబడిపోయింది. గుట్టగా పోసిన పాత బట్టలు, ఆ గుట్ట వైపు తిరిగి నిలబడ్డ ఒక నగ్న దేవత. పేరు 'చింకిగుడ్డల వీనస్'. చేసినవాడు మికెలాంజెలో పిస్టొలెట్టో, అప్పటికి తొంభై ఏళ్ల వృద్ధుడు. మున్సిపాలిటీ కూడలిలో దాన్ని నిలబెట్టి పట్టుమని నెల కూడా కాలేదు. నిప్పు పెట్టాడన్న అనుమానంతో పోలీసులు ఒకతన్ని పట్టుకున్నారు. మంటలు చల్లారేసరికి లోపలి ఇనుప చట్రం మాత్రం మిగిలింది. మరుసటి ఏడాది మార్చిలో అదే చోట కొత్త వీనస్ లేచింది.

అంత పెద్ద బొమ్మ బూడిదైతే మళ్లీ చేసి పెట్టడానికి ఎవరూ పెద్దగా తటపటాయించలేదు. ఎందుకంటే పోయింది ఏకైక ప్రతి కాదు. 1967లో పిస్టొలెట్టో మొట్టమొదట చేసినప్పుడు కూడా ఆ వీనస్ అసలుది కాదు. తోటల్లో పెట్టుకునే సిమెంటు బొమ్మల దుకాణంలో కొన్నది. దానిమీద మెరుపు కోసం అభ్రకం పూశాడు. గుడ్డలు మాత్రం సొంతవే: తన అద్దపు చిత్రాలను తుడవడానికి స్టూడియోలో పోగేసుకున్న పీలికలు. వాటిని గుట్టపోసి, దేవతను దానికి ఎదురుగా నిలిపాడు. చూసేవాళ్లకు వీపే కనబడుతుంది. ముఖం గుడ్డల్లో కూరుకుపోయి ఉంటుంది.

ఆ సిమెంటు బొమ్మ వంశం వెతికితే చాలా తరాలు తేలతాయి. 19వ శతాబ్దం మొదట్లో రోములో పనిచేసిన డెన్మార్క్ శిల్పి బెర్టెల్ థోర్వాల్డ్‌సన్ చేతిలో యాపిల్ పట్టుకున్న వీనస్‌ను చెక్కాడు. దుకాణపు బొమ్మకు ఆధారం అదే. థోర్వాల్డ్‌సన్ ముందున్నవి రోమన్ల కాలపు పాలరాతి నకళ్లు. ఆ నకళ్లకు వెనక ఎక్కడో, క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో ప్రాక్సిటెలిస్ చెక్కిన నైడస్ అఫ్రొడైటీ ఉంది. అది ఎప్పుడో పోయింది. దాన్ని చూసి చెక్కిన నకళ్ల వల్లే అది ఎలా ఉండేదో లోకానికి తెలుసు.

నేటి కళ మీద ప్రాచీన గ్రీసు ప్రభావం గురించి మాట్లాడేవాళ్లు ఏథెన్స్ నుంచి న్యూయార్క్ దాకా తిన్నగా ఒక గీత గీస్తుంటారు. ఆ గీత అంత తిన్నగా లేదు. గత తొంభై ఏళ్లలో కళాకారులు పట్టుకున్నదీ, రంగులేసిందీ, సొరుగులు పెట్టిందీ, పగలగొట్టిందీ చాలావరకు గ్రీకు శిల్పాన్ని కాదు, దాని ప్లాస్టర్ పోతను. ఆ పోత కథ తెలిస్తే తప్ప ఈ కళాఖండాల్లో వెక్కిరింత ఎక్కడుందో, మమకారం ఎక్కడుందో పోల్చుకోవడం కష్టం.

ప్రాచీన గ్రీకుల గొప్ప శిల్పాల్లో చాలా భాగం కంచువి. కంచును కరిగిస్తే ఆయుధమవుతుంది, నాణెమవుతుంది, గంటవుతుంది. అందుకే అవి చాలావరకు మిగల్లేదు. డిస్క్ విసిరే యువకుడి బొమ్మను మైరన్ క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో కంచుతోనే పోశాడు. నేడు మ్యూజియాల్లో కనబడేవన్నీ రోమన్లు పాలరాతిలో దించుకున్న నకళ్లు. రోమన్లకు ఆ నకలు తీసే వీలు ఎలా కలిగిందో 1954లో నేపుల్స్ దగ్గరే తేలింది. బాయియే అనే పాత విహార పట్టణంలో ఒక శిల్పుల కార్ఖానా శిథిలాల నుంచి ప్లాస్టర్ ముక్కలు బయటపడ్డాయి. అవి గ్రీకు కంచు విగ్రహాల మీద నేరుగా తీసిన అచ్చుల్లో పోసినవి. వాటిని ఎదురుగా పెట్టుకుని, కొలతలు తీసుకుని, పాలరాయి చెక్కేవారన్నమాట. అంటే రెండువేల ఏళ్ల కిందటే గ్రీకు కళ ప్లాస్టర్ మీద ప్రయాణం చేసింది.

యూరప్‌లో ఆ ప్రయాణం మళ్లీ రాజుల ఖర్చుతో మొదలైంది. 1540లో ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్స్వా తన చిత్రకారుడు ప్రిమాటిచ్చోను రోముకు పంపాడు. వాటికన్‌లోని లావొకూన్, అపోలో బెల్వెడేర్ వంటి విగ్రహాల మీద అచ్చులు తీసుకురావడమే అతని పని. అచ్చులు వచ్చాక ఫాంటెన్‌బ్లో రాజభవనంలో కంచు ప్రతులు పోశారు. ఆ తర్వాత ఇదొక పరిశ్రమే అయింది. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియానికి అనుబంధంగా 1794లో అచ్చుల కార్ఖానా వెలిసింది, బెర్లిన్‌లో 1819లో. లండన్‌లో డొమెనికో బ్రుచియాని అనే ఇటాలియన్ వ్యాపారి స్కూళ్లకూ మ్యూజియాలకూ పోతలు సరఫరా చేసి పేరు తెచ్చుకున్నాడు. బెర్లిన్ కార్ఖానా ఈనాటికీ నడుస్తోంది. దాని గోదాముల్లో దాదాపు 7,000 అచ్చులున్నాయి.

పని తీరు ధూల్‌పేటలో వినాయకుణ్ణి పోసే చోటు చూసినవారికి కొత్తగా అనిపించదు. కాకపోతే మెలికలు తిరిగిన విగ్రహం మీంచి ఒకే అచ్చు ఊడి రాదు. అందుకని ముక్కలు ముక్కలుగా అచ్చు తీస్తారు: చంకకొకటి, చెవికొకటి, మడతకొకటి. పెద్ద విగ్రహానికి ఆ ముక్కలు వందల్లో ఉంటాయి. వాటన్నిటినీ ఒక పెద్ద డొప్పలో అమర్చి, కట్టి, లోపల ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక విప్పుతారు. పాత పోతల ఒంటిమీద సన్నటి గీతల వల కనిపిస్తుంది. అవి ముక్కల అతుకులు. కొన్ని కార్ఖానాలు ఆ గీతలు చెరిపేవి. కొన్ని కావాలనే ఉంచేవి, ఇది మంచి అచ్చులోంచి వచ్చిందని కొనేవారికి తెలియాలని.

ఈ వ్యాపారానికి ఒక మూల్యం ఉంది. విగ్రహం మీద తడి ప్లాస్టర్ వేసి పీకినప్పుడల్లా రాతిని పట్టుకుని మిగిలిన రంగు పొడి కొంత ఊడిపోయేది. గ్రీకులు తమ శిల్పాలకు నిండుగా రంగులు వేసేవారు. జుట్టుకు, పెదవులకు, కనుపాపలకు, బట్టల అంచులకు ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. ఎండా వానా చాలావరకు చెరిపేశాయి, మిగిలిందాన్ని అచ్చులవాళ్లు చెరిపారు. ఇక పోతలోకి వచ్చేసరికి పాలరాతికున్న తేనె వన్నె, సన్నటి నరాలు కూడా ఉండవు. సున్నం కొట్టిన గోడ తెలుపు ఒక్కటే మిగులుతుంది.

ఆ తెలుపునే ఒక సిద్ధాంతం చేసినవాడు జర్మనీకి చెందిన యోహాన్ యోహాకిమ్ వింకెల్‌మన్. 1764లో వచ్చిన అతని ప్రాచీన కళా చరిత్ర గ్రంథం యూరప్ అభిరుచినే మార్చింది. శరీరం ఎంత తెల్లనిదైతే అంత అందమైనదన్న మాట అందులో ఉంది. ఆయన జన్మలో గ్రీసు గడ్డ మీద కాలు పెట్టలేదు. చూసినవి ఎక్కువగా రోములోని రోమన్ నకళ్లు. 1814లో ఫ్రెంచి పండితుడు కాత్రమేర్ ద క్విన్సీ గ్రీకులు రంగులు వాడేవారని సచిత్రంగా రాసినా జనానికి తెల్ల గ్రీసే ఇష్టమైంది. ఎంత ఇష్టమంటే, 1937-38లో బ్రిటిష్ మ్యూజియం కొత్త గ్యాలరీ కోసం ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడి శిల్పాలను శుభ్రం చేస్తున్నప్పుడు, దాత జోసెఫ్ డువీన్ మనుషులు చెప్పారని రాగి పనిముట్లతో, కార్బొరండంతో పైపొరను గీకేశారు. తెల్లబడితేనే గ్రీకు అనిపించుకుంటుందన్న నమ్మకం అసలు గ్రీకు రాళ్లనే గీకేదాకా వెళ్లింది.

పోతలు ఎక్కువగా చేరింది ఆర్ట్ స్కూళ్లకు. యూరప్ అకాడెమీల్లో క్రమం ఒక్కటే. ముందు ముద్రిత చిత్రాలు చూసి గీయాలి, తర్వాత ప్లాస్టర్ పోతలు, ఆ తర్వాతే ప్రాణమున్న మనిషి. లండన్ రాయల్ అకాడెమీ నుంచి ఈ క్రమం వలస దేశాలకు ఓడలెక్కింది. మద్రాసులో 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు మొదలుపెట్టిన స్కూలు, బొంబాయిలో 1857 నాటి జె.జె. స్కూలు, కలకత్తా స్కూలు అన్నీ ఈ దారినే నడిచాయి. 1896లో కలకత్తా స్కూలు పగ్గాలు చేపట్టిన ఇ.బి. హావెల్ ఆ పోతలను తరగతుల నుంచి తీయించేశాడు. భారతీయులు భారతీయ కళ నేర్చుకోవాలన్నది ఆయన వాదం. సంతోషించాల్సిన విద్యార్థులే కోపగించుకున్నారు, కొందరు బయటికెళ్లి వేరే బడి పెట్టుకున్నారు. తమకు అసలు చదువు దక్కకుండా చేస్తున్నారని వాళ్ల అనుమానం. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల రామారావు వెళ్లి చదివింది కూడా బొంబాయి జె.జె. స్కూల్లోనే. తిరిగొచ్చి 1923లో రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల పెట్టాడు, రెండేళ్లకే కన్నుమూశాడు.

చైనాలో ఈ పద్ధతి ఇంకా గట్టిగా వేళ్లూనింది. అక్కడ ఆర్ట్ కాలేజీ ప్రవేశ పరీక్షకు ప్లాస్టర్ తలను పెన్సిలుతో గీయడం తరతరాల కసరత్తు. బీజింగ్ సెంట్రల్ అకాడెమీలో శిల్పం బోధించిన సుయి జియాన్‌గువో 1998లో ఆ కసరత్తు మీదే ఒక బొమ్మ చేశాడు. డిస్క్ విసిరే యువకుడు మైరన్ భంగిమలోనే వంగి ఉంటాడు. ఒంటిమీద మాత్రం మెడదాకా బొత్తాలు పెట్టిన మావో కోటు, ప్యాంటు. ఒళ్లు తిరిగే కొద్దీ బట్ట లాగిపట్టి మడతలు పడుతుంది. అకాడెమీ నేర్పిన గ్రీకు ఒడుపు ఒకవైపు, ప్రభుత్వం తొడిగిన యూనిఫారం ఇంకోవైపు, రెండూ ఒకే ఒంటిమీద. చూడగానే నవ్వొస్తుంది, కాసేపటికి ఆ బట్టల్లో డిస్క్ విసరడం ఎంత కష్టమో తెలుస్తుంది. గ్రీకు శిల్పంతో ఆడుకున్న వందలాది సమకాలీన కృతుల్లో ఇంత పొదుపుగా ఇంత చెప్పినవి తక్కువ.

డిస్క్ విసిరేవాడికి అంతకుముందే ఒక చెడ్డ చరిత్ర ఉంది. రోములోని లాన్సెలొట్టి కుటుంబం దగ్గరున్న ప్రసిద్ధ నకలును 1938లో హిట్లర్ కొన్నాడు. మ్యూనిక్‌లోని గ్లిప్టొథెక్ మ్యూజియంలో జర్మన్ ప్రజలకు కానుకగా ప్రదర్శించాడు. అదే ఏడాది విడుదలైన లెనీ రీఫెన్‌స్టాల్ సినిమా 'ఒలింపియా'లో ఆ రాతి యువకుడు కరిగి నిజమైన జర్మన్ ఆటగాడిగా మారతాడు. విగ్రహం 1948లో ఇటలీకి తిరిగొచ్చింది గానీ, గ్రీకు నిండు శరీరాన్ని నిండుగా చూపడానికి యుద్ధానంతర కళాకారులు ఎందుకు జంకారో ఈ ఒక్క కొనుగోలు చాలావరకు చెబుతుంది. వాళ్లకు నచ్చింది విరిగిన గ్రీసు.

తిరుగుబాటు మాత్రం అంతకన్నా ముందే మొదలైంది. 1909 ఫిబ్రవరిలో పారిస్ పత్రిక 'ల ఫిగారో' మొదటి పేజీలో ఇటాలియన్ కవి మరినెట్టి ఫ్యూచరిస్టుల ప్రకటన అచ్చువేయించాడు. సమోత్రేస్ దీవిలో దొరికిన రెక్కల విజయదేవత కన్నా గర్జిస్తూ పరుగెత్తే మోటారు కారే అందమైనదన్నాడు. తిట్టడానికి కూడా లూవ్ర్ మెట్ల మీది విగ్రహమే కావాల్సి వచ్చిందన్నది గమనించదగ్గ సంగతి. 1936లో సాల్వడార్ డాలీ వీనస్ డి మిలో ప్లాస్టర్ పోతను సగం సైజులో తీసుకుని నుదుటికి, రొమ్ములకు, పొట్టకు, మోకాలికి సొరుగులు పెట్టాడు. పిడులకు మింక్ బొచ్చు కుచ్చులు. ఫ్రాయిడ్‌ను చదివిన తరం చేసిన చిలిపితనం అది. 1962లో ఈవ్ క్లైన్ లూవ్ర్ విజయదేవత చిన్న పోతను, తలా చేతులూ లేని ఒక వీనస్ పోతను తన పేరు మోసిన నీలంలో ముంచేశాడు. ఆ ఏడాదే ముప్పై నాలుగో ఏట గుండెపోటుతో పోయాడు. రంగు పోగొట్టుకున్న విగ్రహాలకు రంగు వేయడం అతని ఉద్దేశం కాదు, అతని ధ్యాసంతా నీలం మీదే. అయినా ప్లాస్టర్ తెలుపు పవిత్రమేమీ కాదని చూపింది ఆ నీలమే.

1968 మే నెలలో పారిస్ విద్యార్థి ఉద్యమం ఎకోల్ దె బోజార్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి పోతలు కూడా దెబ్బతిన్నాయి. తర్వాత వాటిని వెర్సాయ్‌లోని పాత గుర్రపుశాలకు తరలించారు. అప్పటికే అమెరికన్ మ్యూజియాలు తమ పోతల సేకరణలను నేలమాళిగల్లోకి నెట్టేశాయి. అసలు శిల్పాలు కొనే డబ్బు వచ్చాక నకళ్లు నామోషీ అయ్యాయి. సరిగ్గా ఆ సమయంలోనే ఇటలీ కళాకారులు వాటిని ఏరుకోవడం మొదలుపెట్టారు. పిస్టొలెట్టో సంగతి చూశాం. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో పుట్టి, ఇరవై ఏళ్లకు రోము చేరిన యానిస్ కునెల్లిస్ 1970ల తొలినాళ్లలో ఒక ప్రదర్శన చేశాడు. బల్ల ముందు కూర్చుని ముఖానికి అపోలో ముసుగు అడ్డం పెట్టుకున్నాడు. బల్ల మీద విరిగిన ప్లాస్టర్ అవయవాలు, వాటి మధ్య లోపల దూది కూరిన కాకి, పక్కన ఒకరు వేణువు మీద మొజార్ట్ వాయిస్తున్నారు. ఇంతమందిలో నిజమైన గ్రీకువాడు అతనొక్కడే. అతనికీ ముసుగు, ముక్కలే దక్కాయి. జూలియో పవొలీని అయితే 1975లో ఇంకా సూటిగా తేల్చేశాడు: ఒకే శిల్పానికి రెండు పోతలను ఎదురెదురుగా నిలబెట్టి, ఒకదాన్నొకటి చూసుకునేలా చేశాడు. చూసే మనిషి అక్కడ మూడో వ్యక్తి, పిలవని పేరంటం.

అన్నిటిలోకీ ఎక్కువ పని చేసింది, ఎక్కువ పనికి దొరికిపోయింది వీనస్ డి మిలోనే. 1820 ఏప్రిల్‌లో అప్పటి ఒట్టోమన్ పాలనలోని మిలోస్ దీవిలో ఒక రైతు రాళ్లు తవ్వుతుంటే బయటపడింది. ఫ్రెంచి నౌకాదళ అధికారులు చూశారు, ఫ్రెంచి రాయబారి కొన్నాడు, పద్దెనిమిదో లూయీ రాజుకు కానుకగా వెళ్లి 1821లో లూవ్ర్ చేరింది. రెండు మీటర్ల చిల్లర ఎత్తు, రెండు చేతులూ లేవు. ఫ్రాన్స్‌కు అది సరైన సమయంలో దొరికింది. నెపోలియన్ పట్టుకొచ్చిన ఫ్లోరెన్స్ మెడిచి వీనస్‌ను 1815లో వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చింది. ఆ లోటు పూడ్చే దేవత కావాలి, ఆమె పుట్టుక ఘనమైనదై ఉండాలి. విగ్రహంతో పాటు దొరికిన పీఠం ముక్క మీద మియాండర్ నది ఒడ్డునున్న ఆంటియోక్ శిల్పి ఒకడి పేరుంది. అంటే స్వర్ణయుగపు ప్రాక్సిటెలిస్ కాదు, రెండు శతాబ్దాల తర్వాతి ఎవరో. ఆ ముక్క లూవ్ర్‌లోనే కనబడకుండా పోయింది. ఒక బొమ్మగీతలో మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆ శిల్పాన్ని క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానిదిగానే లెక్కిస్తున్నారు.

చేతులు ఎలా ఉండేవన్న వాదం 19వ శతాబ్దమంతా పండితులను నిద్రపోనివ్వలేదు. యాపిల్ పట్టుకుందా, డాలు పట్టుకుందా, నూలు వడుకుతోందా? చివరికి ఎవరూ అతికించలేదు. చేతుల్లేని స్త్రీ లోకంలోకెల్లా అందగత్తె అని కోట్లమంది క్యూలో నిలబడి ఒప్పుకుంటూ వచ్చారు.

ఆ ఒప్పుకోలును నిలదీసినవాళ్లూ ఉన్నారు. ఐర్లాండ్‌కు చెందిన మేరీ డఫీ చేతులు లేకుండా పుట్టిన మనిషి. 1987లో తన మీదే ఒక ఫొటోల వరుస చేసింది. మొదట తెల్లటి గుడ్డలో చుట్టుకుపోయి ఉంటుంది, మెల్లగా గుడ్డ జారి చివరికి వీనస్‌లా నిలబడుతుంది. రాయిలో ఉంటే అందం, ఒంటిలో ఉంటే వైకల్యమా అన్న ప్రశ్న అడగకుండానే ఎదురుగా నిలబడుతుంది. తర్వాత వంతు ఇంగ్లండ్‌ది. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నాలుగో పీఠం డబ్బు చాలక 19వ శతాబ్దం నుంచి చాలాకాలం ఖాళీగా పడి ఉండేది. 2005 సెప్టెంబరులో దానిమీద మార్క్ క్విన్ చేసిన 3.55 మీటర్ల పాలరాతి శిల్పం వెలిసింది. చేతులు లేకుండా, పొట్టి కాళ్లతో పుట్టిన చిత్రకారిణి ఆలిసన్ లాపర్, ఎనిమిది నెలల గర్భిణిగా, నగ్నంగా కూర్చుని ఉంది. క్విన్‌కు ఈ ఆలోచన వచ్చింది బ్రిటిష్ మ్యూజియంలో విరిగిన శిల్పాలను చూసేవాళ్లను చూశాక. వాటిని మెచ్చుకునే జనమే బతికున్న మనిషి అలా కనబడితే చూపు తిప్పుకుంటారని అతనికి తట్టింది. అలాంటి దేహాలున్న నిజమైన మనుషులను ఇటలీ పాలరాతిలో, నున్నగా, పీఠమెక్కించి చెక్కించాడు.

లండన్ పత్రికలు రెండుగా చీలాయి. కొందరికి అసహ్యమనిపించింది, కొందరికి రాజకీయ మర్యాద అనిపించింది. అదే కూడలిలో ఎత్తయిన స్తంభం మీద నిలబడ్డ నెల్సన్‌కూ కుడి చెయ్యి లేదన్న సంగతి మాత్రం చాలామందికి అప్పుడే గుర్తొచ్చింది. ఏడేళ్లకు 2012 పారాలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఆ శిల్పం గాలి నింపిన పెద్ద ప్రతి స్టేడియం మధ్యకు వచ్చింది. అక్కడా నకలే, కానీ ఈసారి నకలు కొత్త పని మీద వచ్చింది.

గ్రీకు విగ్రహాలతో ఆడుకున్న అందరూ ఇంత దూరం ఆలోచించలేదు. 2013లో జెఫ్ కూన్స్ ఫార్నేసీ హెర్క్యులిస్ వంటి విగ్రహాల తెల్లటి ప్లాస్టర్ ప్రతుల మీద నీలి అద్దపు గోళం ఒక్కటి పెట్టి న్యూయార్క్‌లో ప్రదర్శించాడు. తన సొంత రాష్ట్రం పెన్సిల్వేనియాలో ఇళ్ల ముందు తోటల్లో అలాంటి గోళాలు పెడతారు. గోళంలో చూసేవాడి ముఖం, చుట్టూ గది కనబడతాయి, దేవుడు వెనక్కి తగ్గుతాడు. తమాషా బాగుంది. రెండో విగ్రహం దగ్గరికి వచ్చేసరికి తమాషా అయిపోయింది. డానియల్ అర్షమ్ 2020లో పారిస్ మ్యూజియాల అచ్చుల కార్ఖానా నుంచి అసలు అచ్చులు సంపాదించి, విగ్రహాలను పోసి, వెయ్యేళ్ల తర్వాత తవ్వితే దొరికినట్టుగా గాయాలు చేసి, గాయాల్లో స్ఫటికాలు మొలిపించాడు. పనితనానికి వంక పెట్టలేం. కానీ శిథిలాన్ని అంత శ్రద్ధగా అలంకరిస్తే అది మళ్లీ డ్రాయింగ్ రూమ్ సరుకవుతుంది. పిస్టొలెట్టో బయల్దేరిన తోట బొమ్మల దుకాణం ఎంతో దూరంలో లేదు.

షాంఘై కళాకారుడు షూ ఝెన్ తర్కం వేరు. పార్థెనాన్ తూర్పు ముఖపు తలలేని దేవతలను పూర్తి సైజులో పోయించి, వాళ్ల మెడల మీద తలలేని చైనా బౌద్ధ విగ్రహాలను తలకిందులుగా, మెడకు మెడ అతికి నిలబెట్టాడు. రెండు నాగరికతలూ తలలు పోగొట్టుకున్నవే, రెండూ ఇప్పుడు మ్యూజియం ఆస్తులే. 2017లో మెల్‌బోర్న్ గ్యాలరీలో పద్దెనిమిది మీటర్ల శయన బుద్ధుడి ఒంటిమీద గ్రీకు, రోమన్, రెనసాన్స్ విగ్రహాలను ఎక్కించాడు. బుద్ధుడు గ్రీకు దేవతల పక్కన ఉండడం కొత్త కాదు. బ్రిటిష్ మ్యూజియంలో పార్థెనాన్ శిల్పాలున్న కప్పు కిందే అమరావతి స్తూపం రాళ్లూ ఉన్నాయి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన ఆ రాళ్లను మద్రాసులో ఉన్న రోజుల్లోనే పార్థెనాన్ శిల్పాలను, ఊడదీయించిన ఎల్గిన్ పేరుతో ఎల్గిన్ మార్బుల్స్ అన్నట్టే, ఎలియట్ మార్బుల్స్ అన్నారు. రాయి మాత్రం పల్నాటి సున్నపురాయి.

ఇంతకీ గ్రీకులు చూసిన గ్రీసు ఎలా ఉండేది? 1980ల నుంచి మ్యూనిక్‌లో విన్‌జెంజ్ బ్రింక్‌మన్, తర్వాత ఆయన భార్య ఉల్రికె కోహ్-బ్రింక్‌మన్ ఆ ప్రశ్న వెంటపడ్డారు. రాతి మీద పక్కనుంచి వాలు వెలుతురు పడేస్తే, రంగు ఒకప్పుడు కాపాడిన చోటు, కాపాడని చోటు వేరుగా ఎత్తుపల్లాలు చూపిస్తాయి. అతినీల లోహిత కాంతిలో పోయిన నగిషీ మెరుస్తుంది. పరారుణ కెమెరాలో ఈజిప్షియన్ బ్లూ అనే రంగు రేణువులు వెలుగుతాయి. ఆ ఆనవాళ్ల మీద ప్లాస్టర్‌తో, కృత్రిమ రాయితో పోతలు పోసి, పాతకాలపు ఖనిజ రంగులే అద్దారు. హిట్లర్ డిస్క్ యువకుణ్ణి నిలబెట్టిన అదే గ్లిప్టొథెక్‌లో 2003లో ఆ 'రంగుల దేవతలు' ప్రదర్శన తెరుచుకుంది. ఏజీనా గుడిలోని విలుకాడు కాళ్లకు డైమండు గళ్ల బిగుతు దుస్తులతో, ఎరుపు నీలం పచ్చలతో కనబడగానే జనం ఉలిక్కిపడ్డారు. ఊరి జాతరలో రథం మీద బొమ్మలా ఉందని ముఖం చిట్లించినవాళ్లూ ఉన్నారు. ఆ ప్రదర్శన దేశదేశాలు తిరిగి 2022లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అసలు శిల్పాల నడుమే చోటు సంపాదించింది. తెల్ల గ్రీసును పుట్టించిన ప్లాస్టరే దాన్ని రద్దు చేసే పనికీ వచ్చింది.

గ్రీకు కట్టడంతో ఇంకో పని చేసిన మనిషి అర్జెంటీనాకు చెందిన మార్తా మినుహీన్. 1983లో సైనిక పాలన కూలగానే, సైన్యం నిషేధించిన వేలాది పుస్తకాలతో బ్యూనస్ ఐరిస్ నడివీధిలో పార్థెనాన్ ఆకారం కట్టింది. 2017లో జర్మనీలోని కాసెల్‌లో, 1933లో నాజీలు పుస్తకాలు తగలబెట్టిన మైదానంలోనే, ఇనుప గొట్టాలతో అసలు గుడి కొలతలకు మళ్లీ లేపింది. స్తంభాలకు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిన, ఏదో ఒక కాలంలో ఏదో ఒక దేశం నిషేధించిన పుస్తకాలు కట్టారు. రెండు చోట్లా చివరికి జనమే పుస్తకాలు ఊడదీసుకుని ఇంటికి పట్టుకెళ్లారు. రెండూ పార్థెనాన్ నకళ్లే, రెండూ పంచుకోవడానికే కట్టినవి.

అసలు పార్థెనాన్ దగ్గర పంపకం ఇంత సాఫీగా సాగలేదు. 1801 నుంచి ఎల్గిన్ ప్రభువు మనుషులు ఊడదీసిన శిల్పాలను 1816లో బ్రిటిష్ పార్లమెంటు 35,000 పౌండ్లకు కొని మ్యూజియానికిచ్చింది. ఎల్గిన్ తన వెంట అచ్చులవాళ్లను కూడా తీసుకెళ్లాడు. తాను ఊడదీయని పడమటి వైపు చిత్రవరుస మీద వాళ్లు తీసిన అచ్చుల పోతల్లో, తర్వాతి రెండు శతాబ్దాల పొగకు అసలు రాయి పోగొట్టుకున్న వివరాలు ఇప్పటికీ చూడొచ్చు. 2009 జూన్‌లో ఏథెన్స్‌లో తెరిచిన అక్రోపొలిస్ మ్యూజియం పై అంతస్తులో 160 మీటర్ల చిత్రవరుసను గుడి మీద ఉన్న క్రమంలోనే అమర్చారు. ఏథెన్స్‌లో మిగిలిన అసలు రాళ్లు తేనె రంగులో ఉంటాయి. లండన్‌లోనూ ఇతర నగరాల్లోనూ ఉన్నవాటి చోట తెల్లటి ప్లాస్టర్ పోతలు పెట్టారు. రంగు తేడా దాచే ప్రయత్నం కావాలనే చేయలేదు. 2022లో పాలెర్మో మ్యూజియం ఒక దేవత పాదమున్న ముక్కను పంపింది, ఆ మేరకు పోత తీసేసి రాయి పెట్టారు. 2023 మార్చిలో వాటికన్ మూడు ముక్కలు తిరిగిచ్చింది: ఒక గుర్రం తల, ఒక కుర్రాడి తల, ఒక గడ్డపాయన తల. లండన్ వాటా చోట మాత్రం ఇంకా ప్లాస్టరే ఉంది.